గీతల గ్లాసు

సుందరం పోయిన పదో రోజున ఉదయగిరిలో ఆదరణ కూడిక పెట్టారు. నెల్లూరులో పొద్దున్నే బస్సెక్కి, ఆత్మకూరులో మారి, ఆ ఇల్లు చేరేసరికి పాటలు అయిపోయి ప్రసంగం నడుస్తోంది. మన సహోదరుడు దీర్ఘకాల అనారోగ్యం వలన ప్రభువునందు నిద్రించాడు అన్నారు పాస్టరుగారు. అందరూ తలలు ఊపారు. తాగి తాగి కళ్లు పచ్చబడి, కడుపు ఉబ్బి చచ్చిపోయిన మనిషి గురించి ఒక్కరంటే ఒక్కరు ఆ మాట పలకలేదు. చిన్నప్పటి స్నేహితుణ్ణి గదా అని నన్నూ లేచి నాలుగు మాటలు చెప్పమన్నారు. సుందరం మెత్తని మనిషి అన్నాను, ఎవరినీ నొప్పించి ఎరగడన్నాను, కూర్చున్నాను. పాతికేళ్లుగా బళ్లో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి, నాలుగు మాటలు పేర్చడం నాకెంతసేపు.

భోజనాలయ్యాక చెయ్యి కడుక్కోవడానికి వెనకవైపు వెళ్తే వంటింటి కిటికీలో అది కనిపించింది. చిన్న ప్లాస్టిక్ గ్లాసు. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు గారపట్టిన పంటి రంగుకు తిరిగింది. పక్కన మూడు గీతలు, గీత గీతకూ ఒక అంకె. ముప్పై, అరవై కనిపిస్తున్నాయి, మూడోది చెరిగిపోయింది. తడిచేత్తోనే తీసి చూస్తుంటే సుందరం భార్య కరుణ వెనకనుంచి వచ్చింది.

"ఆయనదేనన్నా. కాలేజీ నాటిదంట, పారెయ్యనిచ్చేవాడు కాదు. ఆఖర్న డాక్టరు మందు ముప్పై మిల్లీ పొయ్యమన్నాడు. ఇంట్లో గీతలుండేది ఇదొక్కటే. మూడు నెలలు దీంతోనే పోసినా."

అలాంటి గ్లాసు నాకూ ఒకటి ఇచ్చారు. అదే రోజు, అదే బెంచీ మీద, మా ఇద్దరికీ ఒకేసారి ఇచ్చారు. నాది ఏ చెత్తకుప్పలో కలిసిందో నాకు గుర్తు కూడా లేదు.

కరుణ ఇంట్లోకి ఒకసారి తొంగిచూసి గొంతు తగ్గించింది. "మిమ్మల్ని ఒకటి అడగాలన్నా. మీరిద్దరూ కలిసి చదువుకున్నారు గదా. పెళ్లికి ముందర ఆయనకి ఈ అలవాటు ఉన్నిందా లేదా? ఉన్నింటే ఆ ఒక్క ముక్క అత్తతో చెప్పండన్నా. ఇరవై రెండేళ్లుగా నన్నే అంటా ఉండాది. నా కాలు ఈ ఇంట్లో పడినాకనే కొడుకు సీసా పట్టినాడంట. వరికుంటపాడులో మా అమ్మ ఆ దిగులుతోనే పోయింది. ఇప్పుడు ఆయన గూడా లేడు. ఇంక చెప్పేదానికి మీరు గాక ఎవురుండారు?"

చెప్తానమ్మా అన్నాను. సాయంత్రం దాకా ఉండి, ఆమె అత్తగారితో మాట్లాడి ఆఖరు బస్సుకు పోతానని మాటిచ్చాను.

ఆ అత్తగారు మార్తమ్మ పెద్దమ్మ. పెద్దమ్మంటే చుట్టరికమేమీ లేదు, చర్చి వెనక వీధిలో అందరికీ ఆమె పెద్దమ్మే. ఎలిమెంటరీ బళ్లో పంతులమ్మ. నేను మూడో తరగతిలో ఉండగా మా నాయన పోయాడు. మా అమ్మ కూలికి పోయి పొద్దుగూకినాక ఎప్పటికో వచ్చేది. అందుకని సాయంత్రం కూడు నాకు సుందరంతో పాటు ఆ ఇంట్లోనే. మా ఇంటి గోడలకన్నా ఆ ఇంటి గోడలే నాకు ఎక్కువ తెలుసు. పెద్దమ్మ ఎప్పుడూ తెల్లచీరే కట్టేది. తలకు కొబ్బరినూనె, వేళ్ల సందుల్లో సుద్దముక్క పొడి. నాలుగున్నరకే లేచి మోకాళ్లూనేది. ఆమె ప్రార్థనకే వీధి లేచేది, కోళ్ల సంగతి తర్వాత. కొండ మీదినుంచి గాలి తిరిగితే గూట్లో కిరసనాయిలు బుడ్డి ఆరిపోయేది, దాన్ని మళ్లీ వెలిగించడం నా పని. చింతపండు పులుసు కాగే వాసన, సంగటి ఆవిరి, ఏటేటా కొట్టే సున్నం వాసన, ఈ మూడూ ఎక్కడైనా కలిసి తగిలితే నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది. ఆ వెంటనే భయం కూడా వేస్తుంది.

భయమెందుకంటే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. దీపాలు పెట్టే వేళ పాట, వాక్యం, ప్రార్థన అయ్యాక అందరం గోడకానుకుని వరసగా కూర్చోవాలి. కంచాలు ముందర ఖాళీగా ఉంటాయి. ఒక్కొక్కరూ ఆ రోజు చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చెప్పాక పెద్దమ్మ ఒక్క క్షణం మొహంలోకి చూసి "ఆమెన్" అనేది. ఆమెన్ పడితేనే కంచంలో సంగటి పడేది. ఈ రోజు ఏ తప్పూ చెయ్యలేదంటే ఒప్పుకునేది కాదు. "తప్పు చెయ్యనోడు ఈ లోకంలో ఒక్కడేరా, నువ్వు ఆయన కాదు," అనేది. ఎనిమిదేళ్ల పిల్లలం, రోజుకో తప్పు ఎక్కడ తెచ్చేది? మధ్యాహ్నం నుంచే వెతుక్కునేవాళ్లం. నేను నోటికొచ్చింది అల్లేవాణ్ణి. ఒకనాడు బలపం దొంగిలించానని, ఒకనాడు బల్లిని చంపానని. నేను చంపిన బల్లులన్నీ నిజమైతే ఉదయగిరిలో బల్లి జాతి మిగిలేది కాదు. సుందరానికి ఆ విద్య రాదు. లేని తప్పు ఉన్నట్టు చెప్పడం వాడి నోటికి పలికేది కాదు. అందుకని పొద్దుగూకేలోపు నిజంగానే ఏదో ఒక తప్పు చేసి పెట్టుకునేవాడు. ఒకరోజు బడినుంచి వస్తూ పక్కింటివాళ్ల కోడిగుడ్డు తీసి నేలకేసి కొట్టాడు. ఎందుకురా అంటే, "ఈ పొద్దు చెప్పేదానికి ఏం లేదురా," అన్నాడు. నేను పడీపడీ నవ్వాను. పెద్దమ్మ ఆ రాత్రి ఆమెన్ అని, తెల్లారి ఆ ఇంటికి గుడ్డుకు గుడ్డు ఇప్పించింది.

పన్నెండేళ్లు నిండాక చర్చిలో మా చేత ప్రతిజ్ఞ చేయించారు. మత్తు పదార్థం ముట్టనని రాసిన కాగితం మీద సంతకాలు పెట్టాం. పెద్దమ్మ సుందరం కాగితాన్ని తన బైబిలు అట్ట లోపల మైదాపిండితో అంటించింది. నా కాగితం ఎక్కడ పోయిందో నేను పట్టించుకోలేదు. వేసవిలో కూటాలు జరిగేవి. లేచి సాక్ష్యం చెప్పేవాళ్లు ఒకప్పుడు ఎంత తాగేవాళ్లో మొదలుపెట్టి, ఇప్పుడు చుక్క ముట్టనని ముగించేవాళ్లు. ఎంత తాగుబోతైతే సాక్ష్యం అంత గొప్ప. మేము చాపల మీద కూర్చుని నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం.

డిగ్రీకి ఇద్దరం ఆత్మకూరు చేరాం. ఆ కాలేజీ ఇప్పుడు లేదు, దాని తావులో పెళ్లిళ్ల హాలు లేచింది. హాస్టలంటే రేకుల షెడ్డు, నీళ్ల సాంబారు, ఎప్పటికీ ఆరని తువ్వాళ్ల వాసన. మొదటి సంవత్సరంలోనే నేను తాగడం నేర్చాను. శనివారం మధ్యాహ్నం నలుగురైదుగురం క్వార్టర్లు తీసుకుని చెరువుకట్ట వైపు పోయేవాళ్లం. సుందరమూ వచ్చేవాడు. సోడా తాగేవాడు, వేయించిన శనగలు తినేవాడు, మేము తూలితే పట్టుకుని షెడ్డుకు చేర్చేవాడు. ఒక్క చుక్క ముట్టేవాడు కాదు. మేమెవ్వరం వాణ్ణి బలవంతం చేసేవాళ్లమూ కాదు, ఒకడు తెలివిలో ఉంటేనే మాకు మేలు.

రెండో సంవత్సరంలో సర్వేవాళ్లు వచ్చారు. విద్యార్థుల తాగుడు అలవాట్ల మీద పరిశోధన అన్నారు. ఒక మేడం, నూలు చీర, నెమ్మదైన మాట. ఆమె మంచి మనిషి, ఆమె మీద నాకు ఈ రోజుకీ కోపం లేదు, అదే నాకు మంట. మమ్మల్ని హాల్లో బెంచీకి ఇద్దరు చొప్పున కూర్చోబెట్టింది. "పేర్లు రాయొద్దు బాబూ, నంబరు చాలు. మీరు రాసింది మూడో మనిషికి తెలియదు," అంది. కాగితంలో మొదటి ప్రశ్న, మీరు ఎప్పుడైనా మద్యం తాగారా అని. దాని కింద, లేదు అని టిక్కు పెట్టినవారు కాగితం ఇచ్చేసి బయటికి వెళ్లవచ్చు అని ఉంది. పేరు రాయొద్దన్న మహాతల్లికి ఆ ఒక్క సంగతి తట్టలేదు. లేచినవాడు తాగనివాడని, కూర్చున్నవాడు తాగేవాడని హాలు హాలంతా చూస్తూనే ఉంటుంది గదా! ముందుగా ఇద్దరు లేచారు. "పాలు తాగి పడుకోండి నాయనా," అని వెనక బెంచీలనుంచి కేకలు. ఆ తర్వాత ఇంకెవడూ లేవలేదు.

సుందరం టిక్కు పెట్టుకుని లేవబోయాడు. నేను చొక్కా పట్టి లాగాను.

"కూచోరా. పరువు తీస్తావేందిరా? ఏదో ఒకటి రాసి పారెయ్."

"నేను తాగను గదరా."

"తాగమన్నానా? రాయమన్నాను."

వాడు కూర్చున్నాడు. పెన్సిలుతో పెట్టిన టిక్కును రబ్బరుతో చెరిపి రెండో పేజీ తిప్పాడు. వారానికి ఎన్నిసార్లు అని అక్కడి ప్రశ్న. ఒకటి రెండు, మూడు నాలుగు, ఐదు పైన. సున్నాకు గడి లేదు. చాలాసేపు చూసి, మూడు నాలుగు మీద టిక్కు పెట్టాడు. ఒకటి పెడితే నమ్మరేమోనని అనుమానమట. నేను తాగేది వారానికి ఒక్క శనివారమే, కానీ ఐదు పైన పెట్టాను. హాల్లో సగం మంది అంతే చేశారు. సాక్ష్యాలు విని పెరిగినవాళ్లం, చిన్న పాపం రాయడానికి మాకు నామోషీ.

తాగేవాళ్లుగా తేలినవాళ్లకు తలా ఒక గీతల గ్లాసు, ఒక కార్డు ఇచ్చారు. తాగినప్పుడల్లా గ్లాసుతో కొలిచి, ఏ రోజు ఎన్ని గ్లాసులో కార్డులో రాయాలి. మేడం నెలకోసారి వచ్చి కార్డులు చూసి రాసుకుని పోయేది. నా సంగతి చెప్తాను. శనివారం తాగి, ఆదివారం పొద్దున ఆ కార్డులో అంకె వెయ్యాలంటే నాకు సిగ్గేసేది. సీసా ఎత్తి తాగినంత కాలం ఎంత తాగానో నాకే తెలియదు. ఇప్పుడు తెలిసిపోతోంది. మేడం ఆ అంకెలు చూసి ఒక్క మాట అనేది కాదు. తిట్టి ఉంటే పంతానికి ఇంకో రెండు పోసుకునేవాణ్ణి. ఏమీ అనకపోయేసరికి ఆ అంకెలు తిరిగి నా దగ్గరికే వచ్చేవి. తగ్గించాను. సంవత్సరం తిరిగేలోపు మానేశాను. ఆ తర్వాత ఈ రోజు వరకూ ముట్టలేదు. నన్ను బాగుచేసింది ఉపదేశం కాదు, ఒక ప్రశ్న.

సుందరం కార్డు మొదటి రెండు వారాలూ ఖాళీగా ఉంది. మూడో శనివారం చెరువుకట్ట మీద దాన్ని జేబులోనుంచి తీసి చూసుకుంటున్నాడు.

"మేడం వస్తే ఏం చూపించేదిరా, జయా? తాగతానని రాసి ఇచ్చినాను గదా."

"ఏదో ఒక అంకె వేసుకో."

"ఎట్ట వేస్తా? అది అబద్ధం గదా."

"మొన్న రాసింది మటుకు నిజమా?"

"అందుకేరా. దాన్నన్నా నిజం చేస్తే పోతాది," అని గ్లాసు చాపాడు.

అప్పుడు వాడి చెంప పగలగొట్టి ఉండాల్సింది. ఆ కోడిగుడ్డు నాకు గుర్తుకు రావాల్సింది. రాలేదు. నవ్వాను. మొదటి గీత దాకా నేనే పోశాను, ముప్పై. వాడు కళ్లు మూసుకుని తాగి, కట్ట కిందికి పోయి కక్కి, మొహం కడుక్కుని వచ్చి, కార్డులో ఒకటి అని గుండ్రంగా రాసుకున్నాడు. వారానికి మూడు నాలుగు అని రాసి ఇచ్చాడు గనక ఆ లెక్కకు చేరడానికి వాడికి రెండు నెలలు పట్టింది. చేరాక అక్కడ ఆగలేకపోయాడు. నేను మానే వేళకు వాడు మూడో గీత దగ్గర ఉన్నాడు. శనివారాలు తూలేవాణ్ణి పట్టుకుని షెడ్డుకు చేర్చే పని నాకొచ్చింది.

సర్వే ఆఖరి రోజు మళ్లీ హాల్లో కూర్చోబెట్టి కాగితాలు ఇచ్చారు. ఈసారి సున్నాకు గడి ఉంది. ఇప్పుడు ముట్టను అనకుండా సాక్ష్యం ముగించినవాణ్ణి మేము పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అందరం సున్నా పెట్టాం, సుందరంతో సహా. ఇది మటుకు అబద్ధం కాదా అని వాడి చెవిలో అన్నాను. "దీన్ని గూడా నిజం చేస్తాలేరా," అన్నాడు. మేడం కాగితాలు తిరగేసి కళ్లు తుడుచుకుంది. మేమేమీ బోధించలేదు బాబూ, ఊరికే అడిగాం, అడిగితేనే ఇంత మార్పు వచ్చింది అంది. మేము చప్పట్లు కొట్టాం. ఆమె రాసుకున్న పుస్తకంలో నేనూ సుందరమూ ఒకే వరసలో ఉంటాం, తాగుడు మానినవాళ్లుగా.

ఆ సున్నాను నిజం చెయ్యడానికి వాడు బతికినంత కాలం తంటాలు పడ్డాడు. మానతాడు, మళ్లీ పడతాడు. డిగ్రీ అయ్యాక చేజర్లలో గుమాస్తాగా చేరి గదిలో ఒంటరిగా ఉన్న ఐదేళ్లూ వాళ్లమ్మకు వాసన తగలలేదు. పెళ్లయ్యాక ఉదయగిరికి బదిలీ చేయించుకుని ఇంటికి వచ్చాడు, అప్పుడు తగిలింది. కొత్తగా ఇంట్లోకి వచ్చింది కోడలు, కొత్తగా వచ్చింది వాసన. పెద్దమ్మ రెండూ కలిపేసుకుంది. నేను ఏటా ఒకసారైనా ఆ ఇంటికి పోయేవాణ్ణి. కరుణను అనే మాటలు విన్నాను. నోరు విప్పలేదు. వాడు ఎప్పుడు మొదలుపెట్టాడో చెప్తే ఎవరు పోశారో కూడా చెప్పాలి. నెల్లూరులో మా సంఘంలో నేను ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పానో లెక్కలేదు. కార్డు సంగతి, సిగ్గుపడి మానిన సంగతి కళ్లనీళ్లతో చెప్పేవాణ్ణి. చొక్కా పట్టి లాగిన సంగతి ఒక్కసారీ చెప్పలేదు. చూస్తూ చూస్తూ ఒక ఆడదాని మీద నా తప్పును ఇరవై రెండేళ్లు మోయించిన పిరికి వెధవను నేను.

ఆ పొద్దున బస్సు మారుతూ ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతుంటే పక్క బల్ల మీద కాలేజీ పిల్లలు ముగ్గురు ఫోన్లో ఏదో ఫారం నింపుతూ నవ్వుకుంటున్నారు. మందు కొడతావా అని అడగతా ఉండాదిరా, డైలీ అని పెట్టు, అంటున్నాడు ఒకడు. మా కాలంలో మందు దుకాణం ఊరి చివర, తలుపు వెనక తలుపు ఉండేది. ఇప్పుడు రోడ్డు మీదే బోర్డు. మా కాలంలో ప్రశ్న అడిగిన మనిషి మళ్లీ వచ్చి మొహం చూసేది. ఇప్పుడు అడిగేది ఎవరో, చూసేది ఎవరో తెలియదు. ఆ పిల్లలకు ఒక మాట చెబుదామని లేచాను. నేనెవర్ని చెప్పడానికి అని మళ్లీ కూర్చున్నాను.

సాయంత్రానికి చుట్టాలంతా వెళ్లిపోయారు. నర్సింగు చదివే సుందరం కూతురు సెలవు లేదని మధ్యాహ్నమే బస్సెక్కింది. ఇంట్లో పెద్దమ్మ, కరుణ, నేను మిగిలాం. పెద్దమ్మకు ఎనభై దాటాయి, చూపు దాదాపు పోయింది, గొంతు మాత్రం అట్లాగే ఉంది. దీపాల వేళకు పాట ఎత్తుకుంది. వాక్యం కంఠతా చెప్పింది. ప్రార్థన చేసింది. కరుణ మూడు కంచాలు తెచ్చి గోడవార పెట్టింది. పద్ధతి ఇంకా నడుస్తోందని నేను అనుకోలేదు.

"నువ్వు ముందు చెప్పు జయరాజూ. ఈ ఇంటి కూడు తినినోడివే గదా," అంది పెద్దమ్మ.

ఇంతకన్నా మంచి వేళ దొరకదనుకున్నాను. యాభై ఏళ్లవాణ్ణి, గోడకానుకుని చేతులు కట్టుకుని చెప్పాను. "పెద్దమ్మా, సుందరం పెళ్లికి ఆరేళ్ల ముందే తాగడం మొదలుపెట్టినాడు. ఆత్మకూరులో. వాడు లేచి పోతా ఉంటే చొక్కా పట్టి కూచోబెట్టింది నేను. మొదటి గ్లాసు పోసింది నేను. కరుణకి ఇందులో ఏ పాపం తెలవదు." కాగితం సంగతి, కార్డు సంగతి అంతా చెప్పాను. లేచి వంటింట్లోనుంచి ఆ గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె బొటనవేలితో గీతలు ఒక్కొక్కటీ తడుముకుంది.

"ఎంత బాగా అల్లినావురా," అంది పెద్దమ్మ.

"పెద్దమ్మా, నిజం."

"చిన్నప్పటినుంచీ నీకు అదే పని గదా. బల్లిని చంపినా, బలపం దొంగిలించినా. నాకు తెలవదనుకున్నావా? నాయన లేని బిడ్డ, ఆకలితో ఉండాడని ఆమెన్ అనేదాన్ని. ఇప్పుడు ఆ పిల్ల ఏడుపు చూడలేక చచ్చినోడి మీద వేస్తా ఉండావు. నా కొడుకు పన్నెండేళ్లకి సంతకం పెట్టినాడు. ఆ కాగితం ఇంకా నా బైబిల్లో ఉండాది. వాడు రాసింది తప్పే బిడ్డ కాదు."

రాసింది తప్పలేకే తాగాడమ్మా అనబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. నాకు ఆమెన్ అనలేదు. గ్లాసును పక్కన నేలమీద పెట్టి కోడలి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు."

కరుణ నా వైపు చూడలేదు. తడుముకోలేదు కూడా. రోజూ చెప్పేదేనని వింటుంటేనే తెలిసింది.

"నేను ఈ ఇంటికి వచ్చినందుకే ఆయన తాగినాడత్తా."

"ఆమెన్," అంది మార్తమ్మ పెద్దమ్మ. "లెయ్, అన్నం పెట్టు."

కరుణ లేచి ముందు నా కంచంలోనే పెట్టింది. ఆకలిగా ఉంది. తిన్నాను.